మధ్య గడిలో మాట

పిల్ల ఫోన్ చేసే వేళ దగ్గర పడుతోంది, ఫోన్ చూస్తే మొద్దు నిద్ర పోతోంది. వేలితో గీస్తే తెర కదలదు, విసుగొచ్చి మళ్ళీ గీస్తే ఒక్కసారిగా రెండు పేజీలు దూకుతుంది, ఈ లోపల దాని మనసులో ఏం జరిగిందో దానికే తెలియాలి. దాన్ని చొక్కాల కుప్ప మీద కనిపించేలా పెట్టుకుని, ఎవరిదో నల్లకోటు జేబులు తడుముతూ, పొట్టి అటే ఒక కన్ను వేసి ఉంచింది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే ఆ షాపులో వెనక గది ఆమెది. జేబులు వెతకడం, మరకలు చూడటం, కాలరు లోపల నంబరు చీటీ గుచ్చడం, బట్టలు తయారయ్యాక ఎవరివి వాళ్ళకు మెసేజీ పెట్టడం ఆమె పని. కోటు జేబులో ఈసారి నలిగిన బస్సు టికెట్టు, సగం చప్పరించి కాగితంలో చుట్టి దాచుకున్న బిళ్ళ దొరికాయి. ఇంత పెద్ద కోటు తొడుక్కునే మనిషి సగం బిళ్ళ దాచుకోవడమేంటని అక్కకు చెబితే పడీపడీ నవ్వేది. అక్క పోయి ఏడాది కావస్తున్నా ఇలాంటివి దొరికినప్పుడల్లా చెప్పాలనిపిస్తుంది. పొట్టి అన్న పేరు పెట్టింది కూడా అక్కే. తర్వాత చెల్లెలు అక్కకంటే జానెడు ఎత్తు పెరిగింది కానీ పేరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, తనలో తాను అనుకోవడానికి మాత్రం పొట్టి పొట్టిగానే ఉంది.

పోయిన శనివారం ఇలాగే రింగైంది. ఆకుపచ్చ గుండ్రాన్ని పైకి గీసింది, అది కదలలేదు, మళ్ళీ గీసింది, తడి వేలేమోనని కొంగుకు తుడుచుకుని గీసింది, రింగు మోగుతూనే ఉంది, అటు నుంచి పిల్ల పిలుస్తూనే ఉంది, మధ్యలో ఈ అద్దం ముక్క అడ్డంగా కూర్చుంది. అంతకు ముందు శనివారమూ అదే తంతు. పిల్ల అక్క కూతురు, వాళ్ళ నానమ్మ దగ్గర ఉంటోంది. బావ లారీ తోలతాడు, నెలలో సగానికి పైగా రోడ్ల మీదే. నానమ్మ మంచిదే, పిల్లకు వేళకు పెడుతుంది, జడ వేస్తుంది, కానీ ఫోన్ చేతికిస్తే పిల్లలు పాడైపోతారని ఆవిడ గట్టి నమ్మకం, కాబట్టి శనివారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే ఆ కాసేపే పిల్లకు దక్కేది. పొట్టి తిరిగి చేస్తే నానమ్మ ఎత్తి, పిల్ల ట్యూషన్‌కి పోయిందమ్మా అంది. నా ఫోన్ పాడైంది, కావాలని ఎత్తకపోవడం కాదు, ఆ ఒక్క మాట పిల్లకు చెప్పండత్తయ్యా అంటే, చెప్తాలే అంది. ఆ చెప్తాలే అన్న తీరులోనే చెప్పదని తెలిసిపోయింది. పిల్ల ఏమనుకుంటోందో, అసలే తల్లి పోయిన పిల్ల, మనసులో పెట్టుకుంటే పెట్టుకుంటుంది తప్ప బయటపడే రకం కాదు, ఆ గుణం మాత్రం అచ్చం అక్కదే. ఇవాళ మూడోసారి కూడా ఎత్తలేకపోతే తన మొహం తనకే చూపించుకోలేనని పొట్టికి గట్టిగా అనిపించింది.

గదిలో రెండో మనిషి కుట్టు వదిన. ఊడిన గుండీలు, జారిన అంచులు, బిగుతైన నడుములు ఆమె మిషను కిందికే వస్తాయి. లోకంలో ఏ విషయమైనా సగం తెలుసు ఆమెకు, ఆ సగాన్ని నిండుగా చెబుతుంది.

"క్యాష్ క్లియర్ చెయ్యి, పరిగెడుతుంది," అంది మిషను ఆపకుండా.

"నా ఫోన్లో క్యాష్ ఎక్కడిది వదినా, ఉన్నదంతా ముందు గల్లాపెట్టెలోనే."

"ఆ క్యాష్ కాదు తల్లీ. ఒక్కో యాపూ వాడినప్పుడల్లా లోపల చెత్త మిగులుస్తుందట. సెట్టింగ్స్‌లోకి పోయి, ఒక్కోదాన్నీ తెరిచి ఊడ్చెయ్యాలి. మా ఆయన ఫోన్ ఇలాగే మొరాయిస్తే నేనే చేశా."

"ఏమీ పోదుగా?"

"చెత్త పోతే ఏం పోతుంది," అంది వదిన, దారం పంటితో తెంపుతూ.

సెట్టింగ్స్ తెరుచుకోవడానికే బోలెడంత సేపు పట్టింది. లోపల యాపుల వరస, ఒకదాని కింద ఒకటి, సగానికి పైగా పొట్టి పెట్టుకున్నవి కావు, అక్క పెట్టుకున్నవి. ఈ ఫోన్ అక్కది. ఊరికే మూలపడి ఉండటం ఎందుకు, నీది ఎలాగూ పగిలిందిగా అని బావ తెచ్చిచ్చాడు, ఇచ్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మొదట టార్చి యాపు. గుండె కింద నొప్పితో మెలకువ వచ్చినప్పుడు లైటు వేస్తే పిల్ల లేస్తుందని అక్క ఈ వెలుతురులోనే మందుబిళ్ళలు వెతుక్కునేది, ఆ సంగతి పొట్టికి ఆస్పత్రిలో గానీ తెలియలేదు, తెలిసిన రోజున ఎందుకు చెప్పలేదే అని అరిచింది, అక్కేమో చెబితే నువ్వూ నిద్ర చెడగొట్టుకుంటావు అంది తేలిగ్గా. కాష్ అన్న గడి నొక్కితే సున్నా అయింది. ఇంతేనా. తర్వాత వాతావరణం యాపు, తెరిచి చూస్తే మూడు ఊళ్ళు ఉన్నాయి, ఒకటి పిల్ల బడి ఉన్న ఊరు, ఒకటి బావ సరుకు దించే పెద్ద ఊరు, మూడోది పొట్టిది. గొడుగు పట్టుకెళ్ళవే, అటు వాన పడేలా ఉంది అని పొద్దున్నే ఫోన్ చేసేది అక్క, నీకెలా తెలుసే, అంత దూరంలో కూర్చుని మబ్బులు కనిపిస్తున్నాయా అని పొట్టి ఎగతాళి చేసేది, మోకాళ్ళ నొప్పి చెబుతుంది అనేది అక్క. మోకాళ్ళు కాదన్నమాట. రోజూ లేచి చెల్లెలి ఊరి ఆకాశం ఇందులో చూసుకునేదన్నమాట, చూసి, ఏమీ ఎరగనట్టు మోకాళ్ళ మీద పెట్టేది. పొట్టి కోటు చెయ్యి ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది, కాసేపు దాని మీదే చూపు నిలిపి, ఆపైన కాష్ నొక్కింది.

బిళ్ళల ఆట, అక్క ఒక మెట్టు దగ్గర చిక్కుకుపోయి నెలల తరబడి అక్కడే తిట్టుకుంటూ ఆడింది, ఊడ్చేసింది. మందుల వేళ గుర్తుచేసే యాపు, అది ఇప్పటికీ సాయంత్రం పూట టింగుమంటుంది, ఏం మందులే అని వదిన అడిగితే ఏదో బలానికి అని చెప్పి తప్పించుకుంటుంది, ఊడ్చేసింది కానీ తీసేయలేదు, సాయంత్రం అది మోగకపోతే ఏదో ఒకటి తక్కువైనట్టు ఉంటుంది. ఫోటోల జోలికి పోలేదు. మెసేజీల జోలికి అసలే పోలేదు. ఆ పేరు కనపడగానే వేలు వెనక్కి లాక్కుంది, ఎందుకంటే అక్క మాటలు ఉండేది అక్కడేనని ఆమె లెక్క, మరెక్కడ ఉంటాయి, మాటలన్నాక మెసేజీల్లోనేగా ఉండేది.

ఆ మాటలు మొదటిసారి కనిపించిన రోజు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఫోన్ చేతికొచ్చిన వారంలోనే, ఒంట్లో బాగోలేదు రాలేను అని షాపు ఓనరమ్మకు రాద్దామని నేను అని కొట్టిందో లేదో, అక్షరాల పైన, తర్వాతి మాట ముందే చూపించే మూడు గడుల్లో, మధ్య గడిలో వచ్చేస్తున్నా అని ప్రత్యక్షమైంది. చేతిలోని ఫోన్ జారిపోబోయింది. దాన్ని నొక్కితే బంగారం అని వచ్చింది, అది నొక్కితే తినావా, అది నొక్కితే లేదా, చెప్పు, చివరికి సరేలే. నేను వచ్చేస్తున్నా బంగారం తినావా లేదా చెప్పు సరేలే. కూతురికి అక్క ఎన్ని వందలసార్లు పెట్టి ఉంటుందో ఆ మాటలన్నీ ఫోన్ నేర్చుకుని కూర్చుంది. తప్పుతో సహా నేర్చుకుంది. అక్క ఎప్పుడూ తిన్నావాలో ఒత్తు ఎగరగొట్టేది. పొట్టిని చంకనేసుకుని తిప్పాల్సి వచ్చి అక్క చదువు మధ్యలోనే ఆగిపోయింది, చెల్లెలు మాత్రం బడికెళ్ళి ఒత్తులు నేర్చుకుని వచ్చి అక్కకే తప్పులు దిద్దేది, అది తినావా కాదే, తిన్నావా అని. నీకు అర్థమైందా లేదా, అర్థమైతే తప్పెక్కడుంది అనేది అక్క. ఆ శనివారం పిల్ల ఫోన్ చేస్తే పొట్టి ఆ వాక్యం చదివి వినిపించింది. అది విని పిల్ల, ఒత్తు లేకుండానే వచ్చిందా పిన్నీ అని అడిగింది. లేకుండానే వచ్చింది తల్లీ అంటే నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు ఒకటి వినిపించింది. అప్పటి నుంచి అదొక అలవాటైపోయింది. ప్రతి శనివారం రింగు రాక ముందే పొట్టి మధ్య గడి నొక్కుకుంటూ పోయి ఒక వాక్యం కూర్చి పెట్టుకుంటుంది, పిల్ల అమ్మ ఏమంది అంటుంది, ఈమె చదువుతుంది. ఒక్కోసారి పిల్ల అడిగేదాకా కూడా ఆగదు, హలో అన్న వెంటనే మొదలుపెట్టేస్తుంది. ఉన్నదే కాసేపు, అందులో బడి సంగతులు అడగడానికి తీరిక ఎక్కడిది, వారమంతా పొట్టి బతికేదే ఆ చదవడం కోసం, పిల్లా అంతేనని ఆమె నమ్మకం.

మధ్యలో కొన్ని తమాషాలు కూడా జరిగాయి. ఒక వారం బంగారం మీ బట్టలు రెడీ సరేలే అని వచ్చింది, మీ అమ్మ కూడా మా షాపులో చేరిందే అని పొట్టి అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకోసారి బంగారం దయచేసి రశీదు తెచ్చుకో అని వచ్చింది. అప్పుడు పొట్టి మాత్రమే నవ్వింది. ఈమధ్య మధ్య గడిలో అక్క అంత సులువుగా దొరకడం లేదు, ఎడమ గడిలోనో కుడి గడిలోనో వెతికి పట్టుకోవాల్సి వస్తోంది, అక్కేం పోలేదు, కాస్త పక్కకు జరిగి కూర్చుందంతే అని సర్దిచెప్పుకుంది. అక్కకు ఆ అలవాటు ఉంది కూడా, మంచం మీద చెల్లెలికి చోటివ్వడానికి జరిగి జరిగి గోడకు అతుక్కుపోయేది, పొద్దున లేచి చూస్తే మంచం మొత్తం పొట్టిదే అయి ఉండేది.

"అయిందా ఊడ్చడం?" అంది వదిన.

"కీబోర్డు ఒకటి ఉంది వదినా."

"అక్షరాలకేం పోతుంది, దాన్నీ చేసెయ్."

కీబోర్డు తెరిచింది. అందులో కాష్ అంటూ పెద్దగా ఏమీ లేదు, దాని పక్కన డేటా అని మాత్రం బాగా లావుగా ఉంది. అదీ సంగతి అనుకుంది పొట్టి. రోజూ మధ్యాహ్నానికల్లా మీ నేటి డేటా అయిపోయింది అని కంపెనీ నుంచి మెసేజీ వస్తోంది, నేను చూసిందేముంది, రెండు పాటలు కూడా వినలేదు, ఎవరు తింటున్నారబ్బా అనుకుంటే ఈ కీబోర్డా దొంగ. డేటాను క్లియర్ చేయి అన్న గడి మీద వేలు పెట్టింది. ఈ యాప్ డేటా మొత్తం శాశ్వతంగా పోతుంది, సరేనా అని అది మర్యాదగానే అడిగింది. పోతే పోనీ, ఇవాళ్టి డేటా ఎలాగూ సగం అయిపోయింది, రేపొద్దున లేచేసరికి కొత్తది వస్తుంది. సరే అంది. ఇంతకుముందు దేన్ని ఊడ్చినప్పుడూ పట్టనంత సేపు ఒక చిన్న సున్నా గిరగిర తిరిగింది, ఆగింది. వెనక్కి వచ్చి తెర గీస్తే, ఆశ్చర్యం, వేలి వెంటే వచ్చింది, మళ్ళీ గీస్తే మళ్ళీ వచ్చింది, పొట్టికి ప్రాణం లేచొచ్చింది. కోటు పక్కన పడేసి, పిల్ల చేసేలోపు ఈ వారం వాక్యం కూర్చి పెట్టుకుందామని మెసేజీ తెరిచి నేను అని కొట్టింది.

మధ్య గడిలో మీకు అని ఉంది. ఎడమ గడిలో ఈ, కుడి గడిలో ఒక. చెరిపేసి మళ్ళీ కొట్టింది. మీకు, ఈ, ఒక. బం అని కొడితే బంధువులు అంది, బంగాళాదుంప అంది, బంగారం అనలేదు. సరే అని కొడితే సరైన అంది. తినావా అని చేత్తో ఒక్కో అక్షరం వెతికి కొట్టి వదిలిందో లేదో అది తనంతట తాను తిన్నావా అని దిద్దేసింది. ఒత్తు తీసేసింది, అది పెట్టింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది, బడికెళ్ళొచ్చిన చెల్లెలిలాగా అంత ఓపిగ్గా, అంత పెద్దరికంగా పెట్టింది. పొట్టి బట్టల కుప్ప మీదే కూలబడింది. వదినా అని పిలిచింది. డేటా అంటే నెట్ డేటాయేగా వదినా. కాదేమో, ఎందుకలా ఉన్నావు అంది వదిన, మిషను ఆగింది. మెసేజీల్లో కాదు, ఫోటోల్లో కాదు, అక్క ఈ అక్షరాల కింద ఉంది ఇన్నాళ్ళూ, పొట్టేమో కాపలా అక్కడ పెట్టి తలుపు ఇక్కడ తీసింది. ఆస్పత్రిలో ఆ చివరి పొద్దున కూడా ఇంతే, టీ తాగొస్తానని రెండు అంతస్తులు దిగి ఎక్కింది, అంతే, ఆ కాస్తలోనే అయిపోయింది, నర్సు మంచం చుట్టూ తెర లాగేసి ఉంచింది, చేతిలో రెండు గ్లాసులు, ఒకటి అక్కదని తెచ్చింది, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. ఏడవాలని ఉంది, ఏడుపు రావడం లేదు, బొటనవేలు మాత్రం మధ్య గడిని నొక్కుతూనే ఉంది, మీకు ఈ విషయం గురించి ఒక మంచి అవకాశం ఉంది అని ఎవరో ఊరూ పేరూ లేని మనిషి మాట్లాడుతూ పోతున్నాడు.

అప్పుడు రింగైంది. గీయగానే ఎత్తింది.

"పిన్నీ. ఎత్తావే," అంది పిల్ల గుసగుసగా. నానమ్మ పక్క గదిలోనే ఉన్నట్టుంది.

"ఎత్తకేం తల్లీ. తిన్నావా?"

"తిన్నా."

ఇక్కడే అడగాలి, అమ్మ ఏమంది అని. పిల్ల అడగలేదు. మేజోడుకు చిల్లు పడిందని చెప్పింది, లెక్కల టీచరు మారారని చెప్పింది, మధ్యమధ్యలో ఆగుతోంది, ఆగినప్పుడల్లా పొట్టి ఇప్పుడు అడుగుతుంది అనుకుంటోంది, ఏదో ఒకటి నోటికొచ్చింది అల్లి అక్క మాటని చెప్పేస్తే తెలుస్తుందా, ఒత్తు లేకుండా పలికితే చాలదా అనుకుంటోంది. కానీ ఒత్తు లేకుండా పలకడం ఎలా అన్నది అక్కకు తప్ప ఎవరికీ రాదు.

"తల్లీ, నీకో మాట చెప్పాలి," అంది చివరికి. "ఫోన్ బాగుచేద్దామని ఏదో నొక్కాను. అమ్మ మాటలు పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. నా చేత్తో నేనే తుడిచేశానమ్మా."

అటు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు పోవడమేంటి పిన్నీ," అంది పిల్ల. "అవి ఎప్పుడో పోయాయిగా. సెలవులకు ముందు నుంచే అన్నీ నీ మాటలే వస్తున్నాయి. అమ్మ నన్ను ఎప్పుడన్నా దయచేసి అందా?"

పొట్టి కళ్ళముందు తన బొటనవేలు కనిపించింది, రోజుకు ఎంతమందికో, మీ బట్టలు రెడీ, దయచేసి రశీదు తెచ్చుకోండి, సాయంత్రంలోపు రండి, ఒక్కో మెసేజీకీ ఒక్కో మాట చొప్పున అక్కను పక్కకు నెట్టుకుంటూ వచ్చింది ఆ వేలే. ఆ డేటా గడి నొక్కేసరికి లోపల తుడవడానికి అక్క దాదాపు మిగిలి లేదు. ఈ సంగతి పదమూడేళ్ళ పిల్లకు తెలుసు. తెలిసే వారం వారం విన్నది, పిన్ని నవ్వినప్పుడు నవ్వింది, నవ్వు రానప్పుడు ఊరుకుంది.

"తెలిసి కూడా అమ్మ ఏమంది అని ఎందుకు అడిగేదానివే?"

పిల్ల గొంతు ఇంకా తగ్గించింది.

"అది చదవడానికే నువ్వు ఎత్తుతావనుకున్నా పిన్నీ. మొన్న రెండుసార్లు ఎత్తలేదుగా. అమ్మవి అయిపోయాయని నీకూ తెలిసిపోయిందేమో, ఇంక నాతో పనేముంటుందిలే అనుకున్నా. ఇవాళ కూడా ఎత్తకపోతే మళ్ళీ చెయ్యకూడదనుకున్నా."

చుట్టూ ఎవరెవరివో చొక్కాలు, వాటి మధ్య పొట్టి, చెవికి ఫోన్ అదిమిపట్టుకుని. వదిన లేచి వచ్చి, ఏమీ అడగకుండా, భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఉన్నావా పిన్నీ?" అంది పిల్ల.

"ఉన్నాను," అంది పొట్టి. ఆ పైన ఎంత వెతుక్కున్నా మరో మాట దొరకలేదు. పిల్ల మాత్రం ఫోన్ పెట్టేయలేదు.